నింగిలోని రసాయనాలు, నేలమీది కొలతలు



కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల బడుల్లో సైన్సు చెబుతూ మేము చాలా ఏళ్లు గడిపాం. కాంతి పాఠం వచ్చిన ప్రతి ఏడాదీ వెనుక బెంచీ నుంచి ఒక ప్రశ్న వస్తుంది. "అంత దూరంల ఏమున్నదో ఎవలన్న పోయి చూసొచ్చిండ్రా సార్?" అని. నవ్వి ఊరుకునే ప్రశ్న కాదది. నక్షత్రాల నడుమ నీళ్లున్నాయి, అమ్మోనియా ఉంది, ఆల్కహాల్ ఉంది అని పత్రికల్లో చదువుతుంటాం. అక్కడికి ఎవరూ వెళ్లలేదు. ఒక్క సీసాడు వాయువు కూడా తేలేదు. మరి ఎలా తెలిసింది? "శాస్త్రవేత్తలు చెప్పారు" అంటే సరిపోదు. ఈ రోజుల్లో ఫోనుకు వచ్చే ప్రతి కబురూ ఎవరో పెద్దలు చెప్పారనే వస్తుంది. రుజువు అడిగే అలవాటు బడిలోనే రావాలి. అందుకని ఈ ఏటి సంచికలో ఆ పిల్లల ప్రశ్నకు జవాబు రాయదలిచాం. పదో తరగతి చదివినవారెవరైనా దీన్ని అనుసరించవచ్చు.

అత్తరు దుకాణం పోలిక

జవాబును ఒక్క వాక్యంలో ముందే చెప్పేస్తాం. ఆకాశంలోని పదార్థాన్ని గుర్తుపట్టాలంటే, అదే పదార్థాన్ని నేలమీద ప్రయోగశాలలో కొలిచి పెట్టుకుని ఉండాలి.

పండుగ ముందు అత్తరు దుకాణానికి వెళ్లండి. పక్కనుంచి నడిచిపోయిన మనిషి పూసుకున్నది ఖస్సా, గులాబా, మజ్మువానా అన్నది దుకాణదారు ఇట్టే చెప్పేస్తాడు. ఆ మనిషిని ఆపి అడగలేదు, అతని సీసా చూడలేదు. తన దుకాణంలోని సీసాలను ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా వాసన చూసి గుర్తుపెట్టుకున్నాడు గనుక చెప్పగలిగాడు. ఎన్నడూ చూడని కొత్త వాసన వస్తే అతనూ తల గోక్కోవాల్సిందే.

ఖగోళ శాస్త్రవేత్త పని కూడా ఇలాంటిదే. ఆయనకు చేరేవి కాంతి, రేడియో తరంగాలు. సీసాలు వరుసగా పెట్టుకున్న దుకాణం ప్రయోగశాల. ఏ పదార్థం ఏ కాంతిని ఇస్తుంది, దేన్ని మింగుతుంది అని కొలిచి రాసిపెట్టే ఈ శాస్త్రాన్ని స్పెక్ట్రోస్కోపీ అంటారు. మన పుస్తకాల్లో వర్ణపటశాస్త్రం.

ఆకాశపు విషయాన్ని గదిలో పరీక్షించడమనే ఆలోచన చాలా పాతది. ఇబ్న్ అల్ హైసమ్ రాసిన 'కితాబ్ అల్ మనాజిర్' అనే కాంతి గ్రంథాన్ని చదివి, దాని మీద వ్యాఖ్య రాసిన కమాలుద్దీన్ అల్ ఫారిసీ 14వ శతాబ్దం తొలినాళ్లలో ఇంద్రధనుస్సు సంగతి తేల్చాలనుకున్నారు. వానచినుకును పట్టుకుని చూడటం కుదరదు. అందుకని చీకటి గదిలో నీళ్లు నింపిన గాజు గోళాన్ని పెట్టి, దాని మీద సూర్యకాంతి పడనిచ్చి, కిరణం లోపల ఎలా వంగి, ఎలా తిరిగి వస్తుందో చూశారు. ఆకాశంలోని చినుకుకు బదులు గదిలో ఒక గోళం. ఇప్పటి ప్రయోగశాలలు చేస్తున్నదీ అదే దారిలోని పని.

ఉప్పు మంట సాక్ష్యం

మన వంటింట్లోనే మొదలుపెడదాం. గ్యాస్ పొయ్యి నీలి మంట మీద చిటికెడు ఉప్పు పడితే మంట పసుపు రంగుకు మారుతుంది. ఉప్పులోని సోడియం చేసే పని అది. మునుపు వీధుల్లో ఉన్న పసుపు దీపాలు కూడా సోడియం దీపాలే. ఆ పసుపు కాంతిని విడదీసి చూస్తే దగ్గరదగ్గరగా రెండు గీతలు కనిపిస్తాయి. వాటి తరంగదైర్ఘ్యాలు 589.0, 589.6 నానోమీటర్లు. పొయ్యిలో వేసిన ఉప్పయినా, సముద్రపు ఉప్పయినా, నక్షత్రంలోని సోడియమైనా ఈ జంట గీతలు అవే. మరే మూలకానికీ సరిగ్గా ఈ జంట ఉండదు.

1814లో జర్మనీకి చెందిన ఫ్రౌన్‌హోఫర్ సూర్యకాంతిని పట్టకంతో విడదీసి చూసి, ఆ రంగుల పట్టీలో 500కు పైగా నల్లటి గీతలను లెక్కపెట్టాడు. అవి ఏమిటో అప్పటికి తెలియదు. 1859లో కిర్కాఫ్, బున్సెన్ అనే ఇద్దరు తమ ప్రయోగశాలలో మూలకాలను ఒక్కొక్కటిగా మంటలో పెట్టి గీతలు గుర్తించారు. వేడి వాయువు ఏ గీతలను వెలిగిస్తుందో, తన వెనుక నుంచి వచ్చే కాంతిలో ఆ గీతలనే మింగుతుందని తేలింది. అంటే సూర్యుడి నల్లగీతలు సూర్యుడి మీది మూలకాల సంతకాలు. 45 ఏళ్లుగా కళ్ల ముందున్న రాత అర్థమైంది ప్రయోగశాలలో మంట వెలిగించిన తర్వాతే.

గుంటూరులో కనిపించిన గీత

ఈ కథలో మన తెలుగు నేలకూ ఒక చోటుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన దేశం మీదుగా సాగింది. ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త గుంటూరుకు వచ్చి స్పెక్ట్రోస్కోపుతో దాన్ని గమనించాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల్లో వెలిగే గీతలు కనిపించాయి. అవి ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే గ్రహణం లేకపోయినా చూడొచ్చని ఆయనకు తోచింది. మరుసటి రోజే చూశాడు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ కూడా ఆ పద్ధతినే విడిగా కనుక్కున్నాడు.

ఆ గ్రహణంలో పలువురు గమనించిన గీతల్లో ఒక పసుపు గీత చిక్కు తెచ్చిపెట్టింది. అది సోడియం గీతలకు దగ్గరగా ఉంది గానీ వాటితో కలవలేదు. దాని స్థానం 587.6 నానోమీటర్ల దగ్గర. నేలమీద కొలిచిన ఏ మూలకానికీ అది సరిపోలేదు. సూర్యుడిలో కొత్త మూలకం ఉందని లాకియర్ అన్నాడు. సూర్యుడికి గ్రీకు మాట హీలియోస్ కాబట్టి హీలియం అని పేరొచ్చింది. చాలామంది ఒప్పుకోలేదు. 1895లో రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి వెలువడిన వాయువును గాజు గొట్టంలో వెలిగించి చూస్తే అదే పసుపు గీత కనిపించింది. 27 ఏళ్ల వాదం అక్కడితో తీరింది. మన ఊళ్లలో జాతరలకు, పెళ్లిళ్లకు ఎగరేసే కొన్ని గాలిబుడగల్లో నింపే వాయువు పేరు వెనుక ఇంత కథ ఉంది.

ఇంకో గీత వాదం ఇలా తీరలేదు. 1864లో హగ్గిన్స్ ఆకాశంలోని వాయు మేఘాలలో ఆకుపచ్చ గీతలు చూశాడు. ఇవీ ఎవరికీ తెలియనివే. కనుక దీనికీ నెబ్యులియం అని ఒక కొత్త మూలకం పేరు పెట్టేశారు. 1927లో బోవెన్ అనే భౌతికశాస్త్రవేత్త లెక్కకట్టి, అది రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న మామూలు ఆక్సిజనేనని తేల్చాడు. నెబ్యులియం అనేది లేనే లేదు. గీత కనిపించినంత మాత్రాన పేరు పెట్టకూడదు, నేలమీది లెక్కతో సరిచూడాలి. ఒకే రకం సాహసంలో ఒకటి నిజమైంది, ఒకటి పొల్లుపోయింది.

చీకటి మచ్చల లోపల

జన్నారం, కడెం వైపు కవ్వాల్ అడవి అంచు ఊళ్లలో అమావాస్య రాత్రి కరెంటు పోయినప్పుడు పాలపుంత తెల్లటి చారలా స్పష్టంగా కనిపిస్తుంది. ఆ చార నడుమ నల్లటి మచ్చలుంటాయి. అక్కడ నక్షత్రాలు లేక కాదు. వాయువు, ధూళి కలిసిన మేఘాలు వెనుక నక్షత్రాలను మూసేస్తున్నాయి. కొత్త నక్షత్రాలు పుట్టేది ఆ మేఘాల్లోనే. వాటి లోపలి వేడిమి చాలాచోట్ల సున్నాకు దిగువన 263 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంటుంది. మన గది గాలిలో ఒక ఘన సెంటీమీటరులో రెండున్నర లక్షల కోట్ల కోట్ల అణువులుంటే, అక్కడ కొన్ని వేల నుంచి కొన్ని లక్షలు మాత్రమే ఉంటాయి.

అంత చలిలో అణువులు పసుపు, ఆకుపచ్చ కాంతిని ఇవ్వలేవు. కానీ బొంగరంలా తిరగగలవు. అణువు తనకిష్టమొచ్చిన వేగంతో తిరగదు. నిచ్చెన మెట్ల మాదిరి, దానికి నిర్ణీత వేగాలే ఉంటాయి. ఒక మెట్టు దిగినప్పుడు ఆ తేడాకు సరిపడే రేడియో తరంగాన్ని వదులుతుంది. మెట్ల ఎత్తు అణువు ఆకారాన్ని, బరువును బట్టి ఉంటుంది. అందుకని ప్రతి అణువుకూ తనవైన పౌనఃపున్యాల వరుస ఉంటుంది. మన ఆకాశవాణి కేంద్రాలకు ఒక్కోదానికీ ఒక్కో నంబరున్నట్టు. అయితే రేడియో తిప్పేవాడికి ఏ నంబరు దగ్గర ఆగాలో ముందు తెలియాలి. ఆ నంబర్లు ఇచ్చేది ప్రయోగశాల.

ఆ కొలత ఎలా చేస్తారో చెబుతాం. పొడవైన లోహపు గొట్టంలో గాలి మొత్తం తోడేసి, కొలవాల్సిన పదార్థపు ఆవిరిని అతి కొద్దిగా వదులుతారు. ఎక్కువ వదిలితే అణువులు ఒకదాన్నొకటి గుద్దుకుని గీతలు అలుక్కుపోతాయి. గొట్టం ఒక కొస నుంచి సూక్ష్మతరంగాలు పంపి, రెండో కొసన ఎంత చేరిందో చూస్తారు. పౌనఃపున్యాన్ని మెల్లగా మారుస్తూ పోతే, ఒకచోట తరంగం బలం తగ్గుతుంది. అంటే అణువు దాన్ని మింగిందన్నమాట. ఆ నంబరు రాసుకుంటారు. మళ్లీ తిప్పుతారు, మళ్లీ రాసుకుంటారు. నెలల తరబడి ఇదే పని. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ కోసం తయారుచేసిన పరికరాలు యుద్ధం తర్వాత ఈ శాంతి పనికి పనికొచ్చాయి.

మన తెలుగు శాస్త్రవేత్త, అలీగఢ్ ప్రయోగశాల

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ గోర్డీ నడిపిన సూక్ష్మతరంగ ప్రయోగశాలలో ఈ పని చేసినవారిలో తెలుగువారైన పుచ్చా వెంకటేశ్వర్లు ఒకరు. ఆయన, ఎడ్వర్డ్స్, గోర్డీ కలిసి మిథైల్ ఆల్కహాల్ సూక్ష్మతరంగ వర్ణపటం మీద 1955లో పరిశోధన పత్రం ప్రచురించారు. అదే ఏడాది వెంకటేశ్వర్లు, గోర్డీ ఆ అణువు నిర్మాణం మీద రెండో పత్రం ప్రచురించారు.

ఆల్కహాల్ అన్నామని ముఖం చిట్లించుకోకండి. మిథైల్ ఆల్కహాల్ వార్నిష్‌లో, స్పిరిట్‌లో వాడేది. కల్తీ సారాలో కలిసి ప్రాణాలు తీసిందని పత్రికల్లో చదివే విషం ఇదే. ఆల్కహాల్ అనే మాట మాత్రం అరబ్బీలోని 'అల్ కుహ్ల్' నుంచి వచ్చింది. కళ్లకు పెట్టుకునే సుర్మా అని దాని తొలి అర్థం.

ఈ అణువు చిన్నదే గానీ మొండిది. ఒక వైపు కార్బన్, దానికి మూడు హైడ్రోజన్లు, మూడు రెక్కల సీలింగ్ ఫ్యానులాగా. ఇంకోవైపు ఆక్సిజన్, దానికో హైడ్రోజన్. అణువు మొత్తం తిరుగుతుండగానే ఆ ఒంటరి హైడ్రోజన్ వైపు, ఫ్యాను రెక్కల వైపు ఒకదానికొకటి విడిగా మెలితిరుగుతుంటాయి. ఒక రెక్క దాటడానికి ఒక గట్టు ఎక్కి దిగాలి. రెండు తిరుగుళ్లు కలగలిసి గీతలు చిందరవందర అవుతాయి. వాటిని ఒక్కొక్కటిగా విడదీసి, ఏ గీత ఏ మెట్టుదో చెప్పడమే ఆ కాలపు పరిశోధకులు చేసిన పని. 1951లో హ్యూస్, గుడ్, కోల్స్ అనేవారు కూడా ఇదే అణువు మీద కొలతలు ఇచ్చి ఉన్నారు.

ఆనాటికి అంతరిక్షంలో ఈ ఆల్కహాల్ ఉందని ఎవరికీ తెలియదు. అణువు ఆకారం తెలుసుకోవడమే వారి లక్ష్యం. 1970లో అమెరికాలోని గ్రీన్ బ్యాంక్ దగ్గరి 140 అడుగుల రేడియో టెలిస్కోపుతో, పాలపుంత నడిబొడ్డు దిక్కు నుంచి 834 మెగాహెర్ట్జ్ దగ్గర మిథైల్ ఆల్కహాల్ సంకేతం పట్టుకున్నారు. ధనూరాశి దిక్కున, దాదాపు 26,000 కాంతి సంవత్సరాల దూరం నుంచి వచ్చిన సంకేతమది. ఒకరి తర్వాత ఒకరు ప్రయోగశాలల్లో పోగుచేసిన ఆ కొలతల వరుస లేకపోతే దాన్ని ఆల్కహాల్ అని పిలిచే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

వెంకటేశ్వర్లు 1950లలో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగంలో పనిచేశారు. అక్కడి ప్రయోగశాల నుంచి బ్రోమిన్ వర్ణపటం మీద ఆయన, శిష్యులు ప్రచురించిన పత్రాలను తర్వాతి పరిశోధకులు వాడుకున్నారు. ఆపై కాన్పూర్ ఐఐటీకి వెళ్లారు. 1875లో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ చందాలు పోగుచేసి మొదలుపెట్టిన చిన్న బడి 1920లో విశ్వవిద్యాలయమైంది. ఆనాడు చందా ఇచ్చిన రైతుకూ వ్యాపారికీ స్పెక్ట్రోస్కోపీ అనే మాట తెలిసి ఉండదు. వాళ్ల డబ్బుతో లేచిన గోడల మధ్యే తర్వాత ఈ కొలతలు జరిగాయి.

తెలుగు నేల మీద కూడా ఈ విద్యకు బలమైన పునాది ఉంది. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో కొచ్చెర్లకోట రంగధామరావు వర్ణపటశాస్త్ర ప్రయోగశాలను నిర్మించి ఎందరినో తయారుచేశారు. అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో అప్పట్లో ఏటా జరిగిన అణు వర్ణపటశాస్త్ర సదస్సును చాలా ఏళ్లు నడిపిన కె. నరహరిరావు కూడా తెలుగువారే.

కొలత ముందు, ఆకాశం తర్వాత

వరుస గమనించండి. అమ్మోనియా వాయువు సూక్ష్మతరంగాలను మింగడాన్ని 1934లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో క్లీటన్, విలియమ్స్ కొలిచారు. ఆకాశంలో అమ్మోనియా దొరికింది 1968లో. ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ కలిసిన హైడ్రాక్సిల్ నంబర్లను టౌన్స్ బృందం 1959లో కచ్చితంగా కొలిచింది. 1963లో 1665, 1667 మెగాహెర్ట్జ్ దగ్గర అది ఆకాశంలో దొరికింది. 1969లో నీరు, ఫార్మాల్డిహైడ్ దొరికాయి. అన్నిటికీ నంబర్లు ముందే చేతిలో ఉన్నాయి.

ఒక్కోసారి వరుస తిరగబడుతుంది. 1970లో బూల్, స్నైడర్ అనే ఇద్దరు దాదాపు 89,190 మెగాహెర్ట్జ్ దగ్గర బలమైన గీత చూశారు. ఏ పట్టికలోనూ లేదు. దానికి 'ఎక్సోజెన్' అని తాత్కాలిక పేరు పెట్టారు. అది హైడ్రోజన్, కార్బన్, ఆక్సిజన్ ఒక్కొక్కటి చొప్పున కలిసి, ధనావేశం ఉన్న అయానై ఉంటుందని క్లెంపరర్ ఊహించాడు. అది నేలమీద ఒక క్షణం కూడా నిలవని పదార్థం. 1975లో వుడ్స్ బృందం గాజు గొట్టంలో వాయువుల గుండా విద్యుత్తు పంపి, ఆ అయాన్‌ను పుట్టించి, ఉన్న కొద్ది సేపట్లోనే నంబరు కొలిచారు. సరిపోయింది. గుంటూరు గీత 27 ఏళ్లు ఆగింది, ఈ గీత 5 ఏళ్లు ఆగింది.

ఒక్క సాక్షి చాలదు

ఇక్కడ పిల్లలకు మేము నొక్కి చెప్పే మాట ఒకటుంది. ఒక్క గీత కలిసినంత మాత్రాన అణువు దొరికినట్టు కాదు. ఆకాశం నుంచి వచ్చే గీతలు వేలల్లో ఉంటాయి. కాకతాళీయంగా ఏదో ఒకటి కలవొచ్చు. ఆ అణువుకు ఉండాల్సిన గీతలన్నీ ఉండాలి, ఉండాల్సిన బలంతో ఉండాలి. ఉండాల్సినది ఒక్కటి లేకపోయినా కారణం చెప్పాలి.

గ్లైసిన్ సంగతి దీనికి మంచి ఉదాహరణ. మన శరీరంలోని ప్రోటీన్లు అమైనో ఆమ్లాలతో తయారవుతాయి. వాటిలో అన్నిటికంటే చిన్నది గ్లైసిన్. 2003లో ఒక బృందం నక్షత్రాల మధ్య మేఘాల్లో గ్లైసిన్ దొరికిందని ప్రకటించింది. ప్రపంచమంతా సంతోషించింది. 2005లో స్నైడర్, ఆయన సహచరులు ప్రయోగశాల లెక్కలతో మళ్లీ సరిచూశారు. గ్లైసిన్ ఉంటే తప్పక కనిపించాల్సిన కొన్ని గీతలు అక్కడ లేవు. ప్రకటన నిలబడలేదు. తోకచుక్క 67పీ చుట్టూ తిరిగిన రొసెట్టా నౌక పరికరం అక్కడ గ్లైసిన్‌ను పట్టుకున్నట్టు 2016లో ప్రకటించారు. నక్షత్రాల మధ్య మేఘాల్లో మాత్రం ఇంకా వెతుకుతూనే ఉన్నారు. అందరూ కోరుకున్న జవాబును కూడా సాక్ష్యం లేదని పక్కనపెట్టడం చిన్న విషయం కాదు. సాక్ష్యం విషయంలో ఆ నిజాయితీ కోర్టుకెంత అవసరమో సైన్సుకూ అంతే.

మంచు, మసి

మేఘాల్లోని ధూళి రేణువులకు సన్నటి మంచు పొర పడుతుంది. నీరు, కార్బన్ మోనాక్సైడ్, మిథైల్ ఆల్కహాల్ అందులో గడ్డకట్టి ఉంటాయి. దీన్ని ప్రయోగశాలలో తయారుచేస్తారు. గాలి తోడేసిన ఉక్కు పాత్రలో, అతి చల్లటి పలక మీద ఆవిరిని వదిలితే మంచు పొర ఏర్పడుతుంది. దాని మీద అతినీలలోహిత కాంతి వేసి, పరారుణ కాంతితో లోపల ఏం మారిందో చదువుతారు. ఇలా చేసిన మంచు నుంచి అమైనో ఆమ్లాలు వచ్చాయని 2002లో రెండు బృందాలు వేర్వేరుగా చూపాయి. మన దేశంలో అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీలో ఇలాంటి మంచు ప్రయోగాలు జరుగుతున్నాయి.

మంచుతో పాటు మసి కూడా ఉంది. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లివాళ్లకు బొగ్గు సంగతి చెప్పనక్కర్లేదు. బొగ్గు తారులో తేనెపట్టు గదుల్లా కార్బన్ వలయాలు కలిసిన అణువులుంటాయి. బీరువాలో షేర్వానీల మధ్య వేసే నాఫ్తలీన్ గోళీలు రెండు వలయాల అణువు. వృషభరాశి దిక్కున ఉన్న ఒక చీకటి మేఘంలో నాఫ్తలీన్‌కు దగ్గరి చుట్టమైన సైనోనాఫ్తలీన్ దొరికినట్టు 2021లో ప్రకటించారు. దీనికీ నంబర్లు ఇచ్చింది ప్రయోగశాలే.

అన్నిటికంటే పొడవైన నిరీక్షణ ఇంకొకటి. 1919 నుంచి మేరీ లీ హెగర్ అనే శాస్త్రవేత్త నక్షత్రాల కాంతిలో వెడల్పాటి గీతలు కొన్ని గమనించారు. అవి నక్షత్రానివి కావు, మధ్య దారిలోని వాయువువి. ఇప్పటికి అలాంటివి 500కు పైగా తెలుసు. దాదాపు నూరేళ్లు ఏ ఒక్కదాని యజమానీ దొరకలేదు. 60 కార్బన్లు ఫుట్‌బాల్ ఆకారంలో చేరిన అణువు ఒకటుంది. దాని అయాన్‌ను స్విట్జర్లాండులోని బాసెల్‌లో మేయర్ బృందం సున్నాకు దిగువన 267 డిగ్రీల దాకా చల్లార్చి కొలిచి, 2015లో ప్రచురించింది. ఆకాశంలోని గీతలతో సరిపోయింది. ఇలా కొన్నిటికి మాత్రమే పేరు దొరికింది. మిగతా వందల గీతలు ఇంకా పేరు లేనివే.

హైదరాబాదులో ఒక దానం

దాతలు చదివే సంచిక కనుక నవాబ్ జఫర్ జంగ్ సంగతి రాయకుండా ఉండలేం. ఈ హైదరాబాద్ ప్రముఖుడు ఇంగ్లండు నుంచి 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించి, 1901లో ఫిసల్‌బండలో తన సొంత ఖర్చుతో వేధశాల నెలకొల్పారు. నిజాం పేరు పెట్టుకునే అనుమతి కోరారు. నిజామియా వేధశాల అలా వచ్చింది. ఆయన పోయిన తర్వాత 1908లో ప్రభుత్వం దాన్ని చేపట్టింది. బేగంపేటకు మారిన ఆ వేధశాల నక్షత్ర స్థానాల అంతర్జాతీయ పట్టికలో ఒక భాగాన్ని పూర్తిచేసింది. తర్వాత అది ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది.

ఆ వేధశాల ఉద్యోగి కొడుకు వేణు బప్పు టెలిస్కోపుల మధ్య పెరిగాడు. నిజాం కాలేజీలో చదివి, హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద హార్వర్డుకు వెళ్లాడు. 1949లో అక్కడ ఒక తోకచుక్కను కనుగొన్నవారిలో ఒకడయ్యాడు. 1957లో ఓలిన్ విల్సన్‌తో కలిసి ఆయన ప్రచురించిన సూత్రం పూర్తిగా స్పెక్ట్రోస్కోపీదే. నక్షత్ర కాంతిలో కాల్షియం గీత వెడల్పును కొలిచి, ఆ నక్షత్రం అసలు ప్రకాశం ఎంతో చెప్పొచ్చు. తమిళనాడులోని కావలూరు వేధశాల ఆయన స్థాపించిందే. అక్కడి 2.3 మీటర్ల టెలిస్కోపుకు ఆయన పేరే పెట్టారు. టెలిస్కోపు కొన్న జఫర్ జంగ్ 1907లోనే కన్నుమూశారు. బప్పు పుట్టింది 1927లో.

ఇంట్లో చేసి చూడండి

పాఠం చదివి ఊరుకుంటే సగమే వచ్చినట్టు. పిల్లలతో ఇది చేయించండి.

చెప్పుల డబ్బా ఒకటి తీసుకోండి. ఒక కొసన నిలువుగా గీటు కోసి, దాని మీద రెండు అట్టముక్కల అంచులను దాదాపు తాకేటట్టు అంటించి, వెంట్రుకవాసి సందు ఉంచండి. ఎదుటి కొసన పాత సీడీని మెరిసే వైపు సందుకు ఎదురుగా ఉండేలా ఏటవాలుగా నిలబెట్టండి. సీడీకి పైన మూతలో కన్ను పట్టేంత రంధ్రం చేయండి. మిగతా సందులన్నీ నల్ల కాగితంతో మూసేయండి. సందును దీపం వైపు తిప్పి, రంధ్రంలోంచి సీడీని చూడండి. రంగులు కనిపించేదాకా సీడీ వాలును కొద్దిగా సరిచేయండి.

పాత పిలక బల్బుకు ఎరుపు నుంచి ఊదా దాకా తెగని పట్టీ కనిపిస్తుంది. సీఎఫ్ఎల్ దీపానికి విడివిడి రంగు చారలు కనిపిస్తాయి. పెద్దవాళ్లు దగ్గరుండి స్పిరిట్ దీపం మంటలో తడి ఉప్పు పెడితే పసుపు గీత తళుక్కున వెలుగుతుంది. చూసిన ప్రతి దీపానికీ గీతలు నోటు పుస్తకంలో గీయించండి. తర్వాత ఏ దీపమో చెప్పకుండా చూపించి, పుస్తకం చూసి పేరు చెప్పమనండి. అప్పుడు పిల్లవాడు చేసేది ఖగోళ శాస్త్రవేత్త పనే. ఒక్క జాగ్రత్త మాత్రం మరవద్దు. దీన్ని ఎన్నడూ సూర్యుడి వైపు తిప్పి చూడకూడదు.

దీని ఖర్చు పది రూపాయలు కూడా కాదు. మేము చూసిన బడుల్లో చాలాచోట్ల ప్రయోగశాల గదికి తాళం ఉంటుంది. పట్టకం పరీక్ష రోజున బయటికి వచ్చి, మళ్లీ బీరువాలోకి పోతుంది. పిల్లలు వర్ణపటం బొమ్మను పరీక్షలో చక్కగా గీస్తారు. అయిదు మార్కులు వస్తాయి. కంటితో చూసినవారు తక్కువ. ఏ బడికైనా దాతలు సామాన్లు ఇచ్చేటప్పుడు ఒక్క మాట అడగాలని మా మనవి. "ఈ సామాను వారానికి ఎన్నిసార్లు పిల్లల చేతికి వస్తుంది?" అని. ఆడపిల్లల బడుల్లో ఆ ప్రశ్న ఇంకా గట్టిగా అడగాలి.

నక్షత్రాల మధ్య ఇప్పటికి 300కు పైగా అణువులను గుర్తించారు. ప్రతి పేరు వెనుకా ఎక్కడో ఒక గదిలో గొట్టం ముందు కూర్చుని నంబర్లు రాసుకున్న మనిషి ఉన్నారు. పేరు దొరకని గీతలు ఇంకా వందలున్నాయి. వాటికి జవాబులు ఆకాశంలో దొరకవు. ఏదో ఒక ప్రయోగశాలలో, ఓపిక ఉన్న చేతుల్లో దొరుకుతాయి. ఆ చేతులు ఇవాళ జగిత్యాలలోనో, నిర్మల్‌లోనో, ఆసిఫాబాద్‌లోనో ఎనిమిదో తరగతి నోటు పుస్తకం పట్టుకుని ఉండవచ్చు. వాళ్లకు ఒక పట్టకం, ఒక దీపం, తెరిచిన తలుపు కావాలి.